ఆ మొక్కులో ఆయన సగం

ఒక ఇంగ్లిష్ నవల తెలుగు అనువాదం మేడ్చల్ లైబ్రరీలో ఒకటే ప్రతి ఉంది. అట్ట ఊడిపోతే నేనే బ్లౌజుల లైనింగ్ గుడ్డ అతికించి బాగుచేశాను. పదో తరగతిలో చదువు ఆగిపోయి కుట్టుమిషన్ మీద బతికే నాకు ఆ బీరువాలే కాలేజీ. ఏ పుస్తకం ఏ అరలో ఉందో లైబ్రేరియనే నన్ను అడుగుతాడు.

ఆదివారాలు అక్కడ నలుగురం కూర్చుని, ఒకరు చదివిన పుస్తకం గురించి అందరం మాట్లాడుకుంటాం. పోయిన ఏడాది నా వంతు వచ్చినప్పుడు ఆ నవలను ఎంచుకున్నాను. కథ చెప్పాను. ప్రేమించినవాడు చావుబతుకుల్లో ఉంటే, అతన్ని బతికిస్తే ఇక కలవనని ఒకామె దేవుడికి మాట ఇస్తుంది. అతను బతుకుతాడు. మొదట భయంతో, తర్వాత కాథలిక్ విశ్వాసంతో ఆమె ఆ మాటకు కట్టుబడిపోతుంది.

వాళ్లకు చెప్పనిది ఒకటుంది. పద్నాలుగేళ్ల కింద మా తమ్ముణ్ణి హైవే మీద లారీ గుద్దింది. సిస్టర్లు నడిపే ఆసుపత్రిలో, వార్డు చివరి ప్రార్థన గదిలో, మేరీమాత ముందు నేనూ అలాంటి మాటే ఇచ్చాను. వీడు బతికితే, పెళ్లి చేసుకోవాలనుకున్న మనిషిని మళ్లీ చూడనని. మా దేవతలకైతే బలికి యాటనో కొబ్బరికాయలో మొక్కేదాన్ని. ఆ తల్లికి ఏమివ్వాలో తెలియలేదు. నాకున్న వాటిలో పెద్దది ఇచ్చేశాను.

తమ్ముడు లేచి నడిచాడు. మొక్కు బయటపెడితే ఫలించదని మా అవ్వ అనేది. అందుకే ఆ మనిషికి కారణం చెప్పకుండానే మాట్లాడటం మానేశాను. ఇప్పటికీ తమ్ముడి బైక్ రావడం ఆలస్యమైతే, నేను ఆయన్ని తలచుకున్నందుకేనేమో అనిపిస్తుంది. తలపునైనా వెనక్కి తీసుకోవాలని చూస్తాను.

ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు ఆయన నుంచి మెసేజ్ వచ్చింది. పెళ్లి చేసుకోలేదట. బౌరంపేట్‌లో స్కూల్ బస్సు నడుపుతున్నాడట. ఒకసారి రావచ్చా అని అడిగాడు. నేను జవాబివ్వలేదు. నవలను అడ్డం పెట్టుకుని ఆ ముగ్గుర్నీ అడగాలనుకున్నది, ఆ మాట దాటి ఆయన్ని కలవొచ్చా అని.

శామీర్‌పేట నుంచి వచ్చే రైతు తాత ముందు నవ్వాడు. "గింతదానికి గంత పరేషాన్ ఏంది బిడ్డా? మొక్కు మార్చుకుంటే అయిపాయె. నేను యాటను ఇస్తనని మొక్కి, ఇయ్యలేక జాతరల నా ఎత్తు బెల్లం తూపిచ్చిన. అమ్మ ఏమన్నది? సప్పుడు జెయ్యలే."

మాలో కాథలిక్ అయిన నర్సక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "మా చర్చిల బెల్లం తూస్తే చీమలే వస్తయి తాతా."

"గట్లయితే మీ దేవుడు పైసా తక్కువైనా ఒప్పుకోని షావుకారన్నట్టు."

"కాదు తాతా. పోయి ఫాదర్‌ను అడిగితే గా మాట నుంచి ఇడిపిస్తడు. భయంతోని ఇచ్చిన మాట గద." ఆమె పుస్తకాన్ని నా వైపు జరిపింది. "ఈమె అడగనే అడగదు. ఇడిపిస్తడేమో అని భయం. ఇడిపిచ్చినంక గాయినకు ఏమన్నయితే?"

గుండ్లపోచంపల్లి కాలనీ నుంచి వచ్చే గుంటూరు ఆంటీ అప్పుడు అందుకుంది.

"అది కాదండీ. మొక్కుకుంటే మన జుట్టు ఇస్తాం, మన గాజులిస్తాం. పక్కవాళ్ల జుట్టు ఇస్తామా? ఆ ప్రేమలో సగం అతనిది కదా. అడక్కుండా ఇచ్చేసిందావిడ."

నవలలో అలా ఎందుకు జరిగిందో చెప్పడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. ముందుమాటలు, వ్యాసాలు అన్నీ చదివి వచ్చాను. వాటిని పక్కనపెట్టి పుస్తకం మూశాను.

బుధవారం మధ్యాహ్నం మిషన్ ఆపి ఆయనకు ఫోన్ చేశాను. లారీ గుద్దిన సంగతి, ప్రార్థన గది, ఇచ్చిన మాట, అందులో సగం ఆయనదన్న ఆంటీ మాట, అన్నీ చెప్పాను. బయటపెడితే ఏమవుతుందోనన్న భయంతో, తమ్ముడు తను పనిచేసే గోదాములో క్షేమంగా ఉన్నాడని అంతకుముందే ఫోన్ చేసి తెలుసుకున్నాను.

అవతల బస్సు ఇంజను ఆపిన చప్పుడు వినిపించింది.

"నేనేం తప్పు జేసిన్నో అనుకుంట ఉన్న ఇన్నేండ్లు," అన్నాడు. తర్వాత, "తమ్ముడు మంచిగున్నడా?"

"మంచిగున్నడు. ఇద్దరు పిల్లలు."

"అయితే గా మొక్కు ఉండనియ్యి," అన్నాడు. "నా సగం గూడ ఇచ్చిన అనుకో."

మొక్కు వదిలెయ్యమని ఆయన వాదిస్తే ఏం చెప్పాలో సిద్ధం చేసుకునే ఉన్నాను. మార్చుకోమన్న తాత మాటకూ, విడిపిస్తారన్న నర్సక్క మాటకూ పుస్తకాల్లోంచి జవాబులు వెతికిపెట్టుకున్నాను. వాదిస్తాడనే, వాదించి నన్ను ఓడిస్తాడన్న ఆశతోనే ఫోన్ చేశానని అప్పుడు తెలిసింది.

పిల్లలు బస్సెక్కుతున్నట్టున్నారు, గోల వినిపించింది. తర్వాత ఆయన పెట్టేశాడు.