ఆరో ఫ్లాపీ

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. చదివింది ఏడో తరగతే. కంప్యూటర్ పుస్తకాలు మాత్రం నిఘంటువు పక్కన పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ఇప్పటివాళ్లు లైనక్స్‌లో పార్టిషన్‌ను మౌస్‌తో లాగి పెద్దది చేసి, అదో విద్య అనుకుంటారు! ఎనభైల చివర్లో హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీ యూనిక్స్ మిషన్ నా చేతిలో ఉండేది. డిస్కులో ఒక భాగం నిండితే, అంతా ఫ్లాపీల్లోకి దించి, చెరిపి, హద్దులు మళ్లీ గీసి, తిరిగి ఎక్కించాలి.

చెప్పులు బయట విడిచి ఆ ఏసీ గదిలోకి రోజూ వచ్చేవారు ఖాజా మాస్టారు, రిటైరైన టీచరు. కేసముద్రం, మరిపెడ తిరిగి రైతుల నోట విన్న మాటలు ఏళ్లతరబడి పోగుచేశారు. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేవారు. నోటుపుస్తకాలను చెదలు తినేశాయి. ఇక మిగిలింది డిస్కులో ఉన్నదే.

"రెండో నకల్ తీసినవా తమ్మీ?" లేచేముందు ఆయన అడగని రోజు లేదు.

"మీ ఫికర్‌కు ఫ్లాపీలన్నీ ఒడుస్తానయి సార్" అని నవ్వేవాణ్ని.

ఆయన పోయారు. ఆయన మాటలు రాసిపెట్టిన చివరి చీటీలను నేనే డిస్కులోకి ఎక్కించాను. డిస్కు నిండింది. హైదరాబాద్ ఇంజినీరుకు ఫోన్ చేస్తే, "ఏడో క్లాసోనివి, నీకెందుకయ్యా? ముట్టకు, సోమారం నేనొస్త" అన్నాడు.

ఒళ్లు మండింది. మాస్టారి నలభయ్యో రోజు ఫాతిహా అన్నం తిని వచ్చి, పట్టపగలే మొదలుపెట్టాను. పాత నకళ్లు చెరిపి, ఆ ఫ్లాపీల్లోకే అంతా దించాను, మొత్తం పది. పంతంలో రెండో నకలు తీయలేదు.

హద్దులు మార్చి తిరిగి ఎక్కిస్తుంటే ఆరో ఫ్లాపీ చదవలేదు. ఎన్నిసార్లు పెట్టినా అంతే. అది లేనిదే తర్వాతవీ ఎక్కవు. ఆయన కష్టమంతా నా పొగరుకు పోయింది.

ఎందుకో ఆ గదిలో ఆయన కూర్చునే బల్ల సొరుగు లాగాను. సామానంతా నేనే ఇంటికి పంపి ఖాళీ చేసిన సొరుగు. అందులో ఒకే ఒక ఫ్లాపీ. లేబుల్ మీద ఆయన ఆకుపచ్చ సిరాతో ఉర్దూలో ఆరు అంకె. పెట్టాను. మిషన్ చదివేసి ఏడోది అడిగింది.

మరో రోజు తీసిన నకలైతే ఆ వరుసలో ఇమడదు. పైగా, ఆయన పోయాక నేను చీటీల నుంచి ఎక్కించిన ఎనుమాముల మార్కెట్ మిర్చి మాటలు కూడా అందులో ఉన్నాయి.

"నువ్వే తీసి మరిచినవ్ కావచ్చు" అన్నాడు సోమవారం వచ్చిన ఇంజినీరు. మరిచానా! ఉర్దూ అంకె గీయడం నాకు ఈనాటికీ రాదు.

ఆ ఫ్లాపీ నా దగ్గరే ఉంది. అదెవరు తీశారో ఇప్పటికీ చెప్పలేను. అది దొరికిన సాయంత్రం మాత్రం కూర్చుని, డిస్కు మొత్తానికీ రెండో నకలు తీశాను. తాళం వేసేముందు ఎవరూ లేని గదిలోకి చూసి, పైకే అన్నాను.

"తీసిన సార్."