చావింటికి చేతులూపుకుంటూ వెళ్లని మనిషి

హార్మన్ టిడ్‌వెల్ భార్య లవెర్న్ చలికాలంలో పోయింది. ఎండలు ముదురుతున్నా అతని ఇంట్లో ఇంకా పొయ్యి వెలగలేదు. వెలిగించాల్సిన అవసరం రాలేదు. అలబామాలో, అందునా లిండ్రిక్ కౌంటీ కొండల్లో, మనిషి పోయాడన్న కబురు పొక్కితే చాలు, పాస్టరుగారి కంటే ముందు వేయించిన కోడి వచ్చేస్తుంది. దాని వెనక ఆవముద్ద కలిపిన బంగాళదుంప సలాడు, చీజు పోసి కాల్చిన మాకరోనీ, పంది తొడ మాంసం వరసకడతాయి. గిన్నె అడుగున ఎవరి పేరు వాళ్లు అంటించుకుంటారు. ఏడుపు ఏడుపే, గిన్నె గిన్నే. హార్మన్ అదంతా వంటగదిలో నిలబడే తిన్నాడు. ఎవరి చేతిలో ఉప్పెక్కువో, ఎవరు బజారులో కోడి కొని సొంత గిన్నెలో సర్ది తెస్తారో అతనికి కంఠతా వచ్చేసింది. షెరిఫ్ ఆఫీసులో హత్య కేసులు చూసేది అతనొక్కడే కాబట్టి ఇలాంటివి కంటపడకుండా పోవు.

తిండికి లోటు లేదు కానీ మాటకి కరువొచ్చింది. భార్యని మట్టిలో పెట్టిన మర్నాటి నుంచి ఊళ్లో ఒక్కరూ ఆమె పేరెత్తలేదు. దాణా కొట్టు దగ్గర మగాళ్లు హార్మన్‌ని చూడగానే తలలెత్తి ఆకాశంలోకి చూసేవారు.

"వాన పడేట్టుంది కదా, హార్మన్."

"పడేట్టే ఉంది," అనేవాడు హార్మన్, మబ్బుతునక లేని ఆకాశం కింద.

వాళ్లు చెడ్డవాళ్లు కాదు. పేరెత్తితే అతనెక్కడ ఏడుస్తాడోనని వాళ్ల భయం. ఏడిస్తే తాము ఎటు చూడాలో వాళ్లకి తెలీదు. పోనీ తనే ఆ పేరు పలుకుదామని నోరు తెరిచి, హార్మన్ కూడా వాన సంగతే ఎత్తేవాడు.

యూనా క్రాబ్‌ట్రీ ఒక్కతే ఆ పేరెత్తేది. డెబ్భై దాటిన మనిషి, మొగుడు పోయి చాలా కాలమైంది, అయినా ఊరంతా గౌరవంగా మిస్ యూనా అనే పిలుస్తుంది. లవెర్న్ మంచాన పడ్డన్నాళ్లూ పక్కన కూర్చుని చెంచాతో నీళ్లు పోసింది ఆవిడే. ఇప్పుడు గురువారం సాయంత్రం అయ్యేసరికి ఏదో ఒక గిన్నె పట్టుకుని వచ్చి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చునేది.

"మీ లవెర్న్ పాడితే కుక్కలు లేచి అవతలికి పోయేవి, నాయనా. అయినా చర్చిలో పాడేవాళ్ల ముందు వరసే కావాలని పట్టుబట్టేది. గుర్తుందా?"

"ఆఁ," అనేవాడు హార్మన్.

ఆవిడకి ఆ మాట చాలు. గంటసేపు లవెర్న్ గురించి చెప్పి, కిందటి వారం గిన్నె పట్టుకుని వెళ్లిపోయేది. హార్మన్ గురువారం నుంచి గురువారానికి బతుకుతున్నాడు. ఈ ముసలామె రావడం మానేస్తే తన భార్య రెండోసారి చచ్చిపోతుందని అతనికి నిజంగానే అనిపించేది.

ఏప్రిల్‌లో వేడ్ స్ట్రింగర్‌ని ఎవరో కాల్చి చంపారు. వేడ్, అతని అన్న డోయల్ పెళ్లి పెటాకులు లేకుండా తల్లి ఓలా ఇంట్లోనే ఉండేవారు. అడవి కొని చెట్లు కొట్టి అమ్ముకోవడం వాళ్ల వ్యాపారం. పొద్దున్నే వేడ్ కుక్కల దొడ్లో మేత వేస్తుంటే ఎదురు గుట్ట మీంచి ఒకే ఒక్క తూటా వచ్చి పని ముగించింది. జింకల్ని వేటాడే రైఫిల్ లేని ఇల్లు కౌంటీలో లేదు. పాస్టరుగారికి రెండున్నాయి. కాబట్టి అనుమానితులకి కొదవ లేదు.

హార్మన్ ఓలా ఇంటికి వెళ్లేసరికి యూనా అప్పటికే అక్కడ ఉంది. ఓలా పాదాలు ఒళ్లో పెట్టుకుని నిమురుతోంది. బల్ల మీద ఆవిడ తెచ్చిన అరటిపండు పుడ్డింగు ఉంది. అడుగున వెనిలా బిస్కెట్లు, వాటి మీద అరటిపండు చక్రాలు, పైన పాలూ గుడ్లూ కాచిన కస్టర్డు, మళ్లీ బిస్కెట్లు. ఎవరో హార్మన్ చేతిలో ఓ పళ్లెం పెట్టారు. చావింట్లో వద్దంటే తప్పు పడతారని అతను తినేశాడు.

నెల తిరక్కుండా డోయల్ కూడా పోయాడు. పొద్దున్నే బుల్‌డోజర్ నడుపుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. మళ్లీ ఒకటే తూటా. షెరిఫ్ పర్విస్‌కి ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. అందుకని ఒక వేటకుక్క విషయంలో అన్నదమ్ములతో తగాదా ఉన్న లెమ్యూల్ ప్రూయిట్‌ని ఆ పూటే తెచ్చి లోపలేశాడు.

"ఒప్పుకున్నాడా?" అడిగాడు హార్మన్.

"కుక్క తనదేనని ఒప్పుకున్నాడు," అన్నాడు షెరిఫ్. "మిగతాది నువ్వు చూసుకో."

మిగతాది చూసుకోవడానికి హార్మన్ మళ్లీ ఓలా ఇంటికి వెళ్లాడు. డోయల్‌ని బుల్‌డోజర్ మీంచి దించి ఎంతోసేపు కాలేదు. అయినా వంటగదిలో యూనా పుడ్డింగు హాజరు. ఊరంతా ఆవిడ చురుకుదనాన్ని మెచ్చుకుంటోంది. ఈసారి కూడా ఎవరో పళ్లెం అందించారు. హార్మన్ నోట్లో పెట్టుకున్నాడు. బిస్కెట్టు వెన్నలా కరిగిపోయింది. అక్కడే అతని చెంచా ఆగింది.

లవెర్న్‌కి ఓపిక తక్కువ. పుడ్డింగు ఎప్పుడు చేసినా కలిపిన గంటకే వడ్డించేది. కాపురం చేసినన్నాళ్లూ హార్మన్ కరకరలాడే బిస్కెట్లే నమిలాడు, అదే బావుందని నమ్మాడు కూడా. బిస్కెట్లు ఇలా మెత్తబడాలంటే పుడ్డింగు రాత్రంతా చల్లగా నానాలి. పొద్దున పోయిన మనిషి కోసం యూనా ముందు రోజు రాత్రే వండి పెట్టింది. కిందటిసారి కూడా బిస్కెట్టు మెత్తగానే ఉంది, అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆ తర్వాత హార్మన్ తన వృత్తిలో ఎన్నడూ చేయని పని చేశాడు. నేరస్థుడి తరఫున వాదించాడు. తన కోసం చేసుకుందేమో అనుకున్నాడు, కానీ యూనాకి చక్కెర జబ్బు, తీపి ముట్టదు. చర్చి విందుకేమో అనుకున్నాడు, కానీ ఆ వారంలో విందు లేదు. పుడ్డింగుని సాక్ష్యంగా తీసుకెళ్తే జడ్జిగారు చెంచా అడుగుతారని కూడా అనుకున్నాడు. నోరు మూసుకుంటే గురువారాలు మిగులుతాయి. కానీ లెమ్యూల్ లోపలున్నాడు. అతనికి కుక్క తప్ప దిక్కు లేదు. ఆ కుక్కని ఇప్పుడు షెరిఫ్ బావమరిది పెంచుకుంటున్నాడు.

గురువారం మధ్యాహ్నం హార్మన్ తనే యూనా ఇంటికి వెళ్లాడు. ఆవిడ బెండకాయ ముక్కలు మొక్కజొన్న పిండిలో దొర్లిస్తోంది.

"నేనే వచ్చేదాన్ని కదయ్యా సాయంత్రం. ఆకలేసిందా?"

"లేదు, మిస్ యూనా. కూర్చోండి."

ఆవిడ అతని మొహం చూసి చేతులు తుడుచుకుని కూర్చుంది.

"పుడ్డింగులో బిస్కెట్లు బాగా నానాయి," అన్నాడు హార్మన్.

ఆవిడ కాసేపు ఆలోచించింది. తర్వాత నుదురు కొట్టుకుంది.

"నా బుద్ధి తగలెయ్య! పోనీ ఆ పొద్దుటే కలిపేద్దామా అనుకున్నాను. అలా పచ్చిగా తీసుకెళ్తే ఓలా ఏమనుకుంటుంది? అది నాతో కలిసి బడికెళ్లింది."

"వాళ్లిద్దర్నీ కాల్చింది మీరేనా?"

"మరి నా తరఫున ఇంకెవరు కాలుస్తారు?"

"ఓలా కొడుకుల్ని చంపి ఓలాకే వండిపెట్టారా?"

"ఓలా నన్నేం చేసింది నాయనా? కొడుకులు పోయి ఏడుస్తుంటే చేతులూపుకుంటూ ఎలా వెళ్లను?"

ఇందులో అర్థం కానిదేముందన్నట్టు అతని వైపు చూసింది.

తర్వాత అడగకుండానే చెప్పింది. స్ట్రింగర్ అన్నదమ్ములు కొన్న గుట్ట మీద పాత షైలో చర్చి సమాధులున్నాయి. ఏటా మే నెలలో యూనా అక్కడికెళ్లి మట్టి ఊడ్చి, మట్టిదిబ్బని మళ్లీ తీర్చి, పూలు పెట్టి వచ్చేది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు, పుట్టి కళ్లు తెరిచీ తెరవకుండా పోయిన పిల్ల, ఆ దిబ్బ కింద ఉంది. పేరు చెక్కించే స్తోమత లేక అప్పట్లో వాగులోంచి తెచ్చిన రాయి పాతారు. కొత్తగా దేవదారు మొక్కలు నాటాలని వేడ్ ఆ రాళ్లన్నీ బుల్‌డోజర్‌తో తోసేశాడు.

"షెరిఫ్ దగ్గరికెళ్లాను. పేరు లేని రాయి సమాధి కాదన్నాడు. వేడ్‌ని అడిగితే నవ్వాడు. డోయల్‌ని, కనీసం మిగిలిన భాగం వదిలెయ్యమన్నాను. మర్నాడు అదీ దున్నేశాడు. నా బిడ్డ ఎక్కడుందో నాకిప్పుడు తెలీదు, హార్మన్. ఏ చెట్టు కిందని వెతుక్కోను?"

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు హార్మన్. "నేను ఆపేవాణ్ణి. వాళ్ల మెడలు వంచైనా ఆపేవాణ్ణి."

"చెప్పడానికే వచ్చాను మీ ఇంటికి. ఆ రోజు లవెర్న్‌కి ఊపిరి ఆడట్లేదు. నువ్వు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నావు. నీకేం చెప్పను? ఇంత సూప్ కాచి పెట్టి వెళ్లిపోయాను."

హార్మన్‌కి ఆవిడ మీద కోపం వచ్చింది, జాలి వేసింది, అన్నిటికంటే ఎక్కువగా తన గురించే తనకి దుఃఖం వచ్చింది.

"లెమ్యూల్‌ని లోపలేశారు, తెలుసా?"

"నిన్న తెలిసింది. రేపు నేనే వచ్చేదాన్ని. ఇవాళ గురువారం కదా అని ఆగాను."

ఆవిడ బెండకాయలు వేయించింది. వేయించి పెట్టందే కదలనంది. అతను తినేదాకా నిలబడి, బాణలి కడిగి బోర్లించి, చర్చికి పెట్టుకెళ్లే టోపీ పెట్టుకుంది. రైఫిల్ తలుపు వెనకే ఉంది. నూనె పెట్టి శుభ్రంగా తుడిచి ఉంది. హార్మన్ దాన్ని వెనక సీట్లో పెట్టి, ఆవిడని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. సంకెళ్లు వేయలేదు.

కారు చర్చి దాటింది, దాణా కొట్టు దాటింది. మగాళ్లు చేతులూపారు. యూనా కూడా చేయూపింది. జైలు ఉన్న టౌను రోడ్డెక్కాక ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని అడిగింది.

"ఇకనుంచి లవెర్న్ గురించి నీతో ఎవరు మాట్లాడతారు?"

"ఎవరూ లేరు," అన్నాడు హార్మన్. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. "మీరు తప్ప నాకెవరూ లేరు, మిస్ యూనా."

"అయితే నువ్వే మాట్లాడు."

"నా వల్ల కాదు."

"నేను వింటున్నానుగా. ఇంకెక్కడికి పోతాను?"

రెండు వంతెనలు దాటారు. పత్తి చేలు దాటారు. హార్మన్ గొంతు సవరించుకున్నాడు, మానేశాడు, మళ్లీ సవరించుకున్నాడు.

"లవెర్న్‌ని," అన్నాడు. ఆ పేరు బయటికొచ్చినందుకు అతనే ఉలిక్కిపడ్డాడు. "లవెర్న్‌ని నేను మొదటిసారి చూసింది దొంగతనం కేసులో."

"అబద్ధం! నాకెప్పుడూ చెప్పలేదే ఈ సంగతి?"

"చెప్పదు. దొంగ తనే. వాళ్ల బాబాయి ట్రాక్టరు ఎత్తుకొచ్చింది. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. ఆపమంటే ఆపదే! ట్రాక్టరు వెనక నా కారు, ముందు ఆవిడ. నడిచి వెళ్లేవాళ్లు మమ్మల్ని దాటుకుని పోతున్నారు..."

"ఏం చేశావు?"

"ఏం చేస్తాను? దిగి పక్కన నడిచాను. నడుస్తూనే పేరడిగాను."

యూనా పగలబడి నవ్వింది. హార్మన్ కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోకుండానే చెబుతున్నాడు, మాట ఆగడం లేదు. జైలు ముందు కారు ఆగింది, అయినా చెబుతూనే ఉన్నాడు. ఎండ వాలింది. లోపల్నుంచి జైలరు చూసి చూసి బయటికొచ్చి కిటికీ మీద తట్టాడు. హార్మన్ అద్దం దించాడు.

"ఏంటి సార్, తీసుకురారా లోపలికి?"

"కాస్సేపు ఆగు," అన్నాడు హార్మన్. "ఇంకా పెళ్లి దాకా రాలేదు."