దోనె మీద వేసిన నింద

మట్టెవాడలో మగ్గం మీద కూర్చునే ఆడవాళ్ళకు రొమ్ములో ఏ నొప్పి వచ్చినా నింద దోనె మీదే పడేది. నేసిన గుడ్డ చుట్టుకునే ఆ కర్ర పొద్దంతా ఎదకు ఒత్తుకుంటుంది, నొప్పి రాకుండా ఉంటుందా అనేవారు. అక్కడే నేసే అనసూర్య కూడా అదే నమ్మింది. నమ్మిందో, నమ్మితే సులువని నమ్మిందో ఆమెకే తెలియాలి.

1975లో ఒకనాడు తోటికోడలు లచ్చవ్వ తలుపు చాటుకు పిలిచి రవిక జరిపి చూపించింది. రేగుపండంత గడ్డ. "దోనె ఒత్తుకున్నది చెల్లె. ఎవ్వలకు చెప్పకు, నా మీద ఒట్టు," అంది. అనసూర్య పసుపు నూరి పట్టు వేసింది. ఒట్టూ నిలబెట్టుకుంది. సిగ్గట సిగ్గు! పాడు సిగ్గు! ఏడాదిన్నరకు గడ్డ పుండైంది. అప్పుడు దవాఖానకు తీసుకుపోతే, "ఇన్నాళ్ళు ఏం చేశారు?" అని డాక్టరు కసిరాడు. నెల తిరక్కుండానే లచ్చవ్వ పోయింది. అనసూర్య మాత్రం నోరు విప్పలేదు.

లచ్చవ్వ మగ్గం మీద ఆమె కూతురు యాకమ్మ కూర్చుంది. తల్లి లేని పిల్లకు చిన్నమ్మే దిక్కు. రెండు కాన్పులూ అనసూర్య చేతుల మీదే జరిగాయి. 1984 ఎండాకాలంలో ఒకరోజు యాకమ్మ నేత ఆపి ఎద రుద్దుకుంటూ, "దోనె ఒత్తుకుంటాంది చిన్నమ్మా," అంది. లచ్చవ్వ అన్న మాటే.

ఆ వారమే నేతగాళ్ళ సంఘం భవనంలో లేడీ డాక్టరు రొమ్ము పరీక్షలు చేస్తుందని చాటింపు వేశారు.

"జర పోయి సూపిచ్చుకో బిడ్డా."

"వాడకట్టంత నన్నే ఏలెత్తి సూపుతది. నేను పోను."

అందరూ కలిసి పోతే ఎవరిని వేలెత్తి చూపుతారు? అనసూర్య ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, తిట్టి, తొమ్మిది మంది ఆడవాళ్ళను పోగు చేసింది. ఆ పొద్దు మగ్గాలు ఆగాయి. అయినా యాకమ్మ గడప దాటలేదు.

"దవాఖానకు తోల్కపోయినంకనే మా అమ్మ సచ్చిపాయె. నన్ను గూడ సంపుతవా?"

ఇక దాచి లాభం లేదు. అనసూర్యకు ఏడుపు తన్నుకొచ్చింది. "దవాఖాన సంపలే బిడ్డా. మీ అమ్మ ఏడాదిన్నర ముందుగాలనే నాకు సూపెట్టింది. నేనే దాచిన."

యాకమ్మ కొంగు కప్పుకుని ఆ తొమ్మిది మంది వెనక నడిచింది.

గడ్డ చిన్నదిగా ఉండగానే దొరికింది. ఆపరేషన్ అయింది. యాకమ్మ బతికింది, మళ్ళీ నేసింది. ఆ తర్వాత వాడకట్టులో ఏ ఆడది ఎద రుద్దుకున్నా అనసూర్య వెంటబడి డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది. అందరూ ఆమెను మెచ్చుకునేవారు.

యాకమ్మ ఏటా బతుకమ్మకు తన బిడ్డతో సత్తుపిండి పంపేది. తాను మాత్రం అనసూర్య గడప తొక్కలేదు. చిన్నమ్మా అని మళ్ళీ పిలవలేదు.