క్యాలెండరు అట్ట వేసిన నవల

ఇరవై ఏళ్లకు పైగా ఒక పుస్తకాన్ని బట్టల కింద దాచుకుని బతుకుతున్నాను. ఇల్లు మారిన ప్రతిసారీ ముందు సర్దింది దాన్నే. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టే నోరు వస్తోందేమో.

తొంభైల్లో పుంగనూరులో అంగళ్లవాళ్లు కలిసి ఒక చిన్న లైబ్రరీ నడిపేవాళ్లు. ఊడ్చేదీ నేనే, పుస్తకాలు ఇచ్చేదీ నేనే. చినిగినవాటిని కుట్టి మైదా బంక పూసేవాణ్ని. పురుగు పట్టకుండా బంకలో చిటికెడు మైలుతుత్తం కలిపేవాణ్ని. ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది. తలుపు తీయకముందే పేపరు కోసం మెట్ల మీద కాచుకునే పెద్దాయనలు, శనక్కాయలు ఒలుచుకుంటూ చదివేవాళ్ల మీద నా కసుర్లు... అబ్బ, ఎంత బాగుండేవో ఆ రోజులు!

పుస్తకం ఎత్తుకుపోయేవాళ్లంటే నాకు ఒళ్లు మండేది. అందుకే ప్రతి పుస్తకానికీ మొదటి పేజీ మీదే కాక, ముప్పైఐదో పేజీ మీద కూడా లైబ్రరీ ముద్ర కొట్టేవాణ్ని. మొదటి పేజీ చింపేసినా లోపలి ముద్ర దొంగను పట్టిస్తుంది. అది ఏ పేజీయో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

సుగుణమ్మ టీచరు మదనపల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి మా ఊరి బడిలో పాఠాలు చెప్పేది. శుక్రవారం శుక్రవారం ఒక పుస్తకం తీసుకునేది. పాత క్యాలెండరు కాగితాన్ని తిరగేసి దానికి అట్ట వేసి, పైన గుండ్రటి అక్షరాలతో పేరు రాసి, అట్టతో సహా తిరిగి ఇచ్చేది. మా బీరువాలో సగం పుస్తకాలు ఆమె అట్టలతోనే నిలబడ్డాయి.

ఒక శుక్రవారం ఆమె ఒక పాత నవల తిరిగి ఇచ్చింది. నేను రెండు రోజులు కూర్చుని కుట్టిన నవల. ఇంకెక్కడా దొరకనిది. రిజిస్టరులో ఆమె సంతకం పక్కన "ముట్టింది" అని రాయాలి. రాయలేదు. నవల నా సంచిలోకి పోయింది. ఇన్ని పుస్తకాలు కాపాడినవాణ్ని, ఒక్కటి ఉంచుకుంటే ఏమైపోతుందిలే అనుకున్నానా? నింద ఆమె మీదికి పోతుందని నిజంగా తోచలేదా, లేక తోచినా తోచనట్టు నన్ను నేనే మభ్యపెట్టుకున్నానా? ఏమో. ఇంటికి పోగానే ముద్రలున్న రెండు కాగితాలనూ బ్లేడుతో కోసి పొయ్యిలో వేశాను.

ఏడాది చివర తనిఖీకి కమిటీ పెద్దలు కూర్చున్నారు. నవల లేదు. రిజిస్టరులో ఆమె సంతకం ఉంది. ఆమెను పిలిపించారు.

"నీ చేతికే ఇచ్చినాను కదప్పా. గుర్తు తెచ్చుకో," అంది ఆమె.

"నాకు గుర్తు లేదు టీచరమ్మా," అన్నాను.

"బాగా ఆలోచించి చెప్పప్పా. ఎత్తుకుపోయేదానికైతే దానికి అట్ట యాల ఏస్తాను?"

నేను రిజిస్టరులోకి చూస్తూ కూర్చున్నాను. తల ఎత్తలేదు.

సభ్యుల పట్టీలోంచి ఆమె పేరు కొట్టేశారు. టీచరమ్మ పుస్తకం కాజేసిందట అని ఊళ్లో అనుకున్నారు. బడి నుంచి బస్టాండుకు మా వీధిలోనే పోయే మనిషి, ఆ తర్వాత చుట్టు తిరిగి పోయేది. చదవడం కోసం అంత ఆత్రపడే మనిషికి ఆ ఊళ్లో ఉన్న ఒక్క తలుపూ మూసేశాను.

రెండువేల సంవత్సరం దాటాక కుప్పంలో ఒక కాలేజీ లైబ్రరీలో పని దొరికింది. పేజీలు చింపిన పిల్లల్ని నిలబెట్టి నీతులు చెప్పాను. సిగ్గులేని నోరు! ఒకసారి మదనపల్లె బస్టాండులో ఆమే ఎదురుపడి, "బాగుండావా అప్పా?" అని పలకరించింది. తలూపి దొరికిన బస్సు ఎక్కేశాను. అది గుర్రంకొండ బస్సు. నాకు అక్కడ ఏ పనీ లేదు.

ఆమె ఇప్పుడు ఎక్కడుందో కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం లేదు. నవల నా ముందే ఉంది. అట్ట పసుపుపచ్చగా మారింది, గుండ్రటి అక్షరాలు మాత్రం చెదరలేదు. లోపల ముప్పైనాలుగో పేజీ తర్వాత ముప్పైఏడు వస్తుంది. మధ్యలో ఏం జరిగిందో ఎంత తన్నుకున్నా నాకు గుర్తు రాదు.

కానీ టీచరమ్మా, మీరు ఇచ్చినారు. నా చేతికే ఇచ్చినారు. అది నాకు గుర్తుండాది. ఆ పొద్దు కూడా గుర్తుండింది.