సన్న టైరు, ఒంటి తుమ్ము

నమ్మినా నమ్మకపోయినా మీ ఇష్టం. కానీ ఇదిగో, కారు తాళం చేతిలో పట్టుకుని చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నా సంగతి మీకు తెలుసు. గుంటూరు బ్రాడీపేటలో పదిహేనేళ్లుగా పిల్లలకు ఫిజిక్సు చెబుతున్నాను. దెయ్యాలంటే నవ్వుతాను. ముహూర్తాలంటే చిరాకు పడతాను. అలాంటి దాన్ని... ఆ రాత్రి గురించి ఈ రోజుకీ ఏ సంగతీ తేల్చుకోలేకపోతున్నాను.

ముందు కారు సంగతి. పదమూడేళ్ల బండి. డిక్కీలో మ్యాట్ కింద స్టెప్నీ ఉంటుంది కదా, నా కారులో అది మిగతా నాలుగు టైర్ల సైజు కాదు. సన్నది. పంక్చరు షాపు దాకా బండిని చేర్చడానికి మాత్రమే పనికొచ్చేది. అది పాతబడింది, మార్పించమని మా ఆయన ఏడాదిగా పోరుతూనే ఉన్నారు. నేను వింటేగా! ఒక్కసారి కూడా రోడ్డెక్కని టైరు పాతదెలా అవుతుందని వాదించాను. బీరువాలో దాచిన పట్టుచీర కూడా మడతల దగ్గర చిరుగుతుందని నాకప్పుడు తట్టలేదు.

ఆ ఆదివారం మా చెల్లి మాధవిని పురిటికి తీసుకురావడానికి సత్తెనపల్లి అవతల దాని అత్తగారి ఊరు వెళ్లాను. కాన్పుకు ఇంకా మూడు వారాల టైముందని డాక్టరు చెప్పారు. సాయంత్రం నాలుగింటికి బయల్దేరదామంటే వాళ్ల అత్తయ్యగారు వర్జ్యం అన్నారు. అది పోయాక ఇంకేదో అడ్డం అన్నారు. చివరికి ఎనిమిదింటికి కదిలాం. తోడుగా ఆవిడా వచ్చారు. కారులో ముగ్గురం.

సత్తెనపల్లి దాటామో లేదో, మాధవికి నొప్పులు మొదలయ్యాయి. ముందు సన్నగా... తరవాత నా సీటు వెనక భాగాన్ని గట్టిగా పట్టుకునేంతగా. నేను స్పీడు పెంచాను. సరిగ్గా అప్పుడే కారు ఎడమ పక్కకు లాగేసింది. దిగి చూస్తే ముందు టైరు నేలకు అంటుకుపోయి ఉంది.

108కి ఫోన్ చేయమని అత్తయ్యగారు అన్నారు. వాళ్లొచ్చే లోపు మనం సగం దూరం పోతాం, పది నిమిషాల్లో టైరు మార్చేస్తానన్నాను. నా చేతుల మీద నాకంత నమ్మకం.

చుట్టూ చీకటి. రోడ్డు పక్కన మిర్చి కల్లం. కాయలు ఆరబోసే ఆ నేల మీద పట్టాలు పరిచి, గాలికి ఎగిరిపోకుండా అంచుల మీద పాత టైర్లు బరువు పెట్టారు. ఘాటుకు నా కళ్లు మండాయి. గొంతు పట్టేసింది. దగ్గుతూనే ఫోన్ లైటు నోట కరుచుకుని బోల్టులు విప్పాను. స్టెప్నీ బిగించాను. గాలి సగమే ఉంది. డిక్కీలో చిన్న గాలి మిషను ఉంటే పెట్టి, ఆ టైరు మీద ఎంత రాసి ఉందో అంతా కొట్టాను. చూడటానికి నిగనిగలాడుతోంది. నాకు గర్వం కూడా వేసింది.

వచ్చి కూర్చున్నాను. తాళం తిప్పాను. ఇంజను అందుకుంది.

అప్పుడు... ఒక తుమ్ము.

ఒక్కటే. చిన్నది, పొట్టిది. చివర్లో సన్నగా కీచుమంది. లోపలి నుంచో... బయటి నుంచో... చెప్పలేను. చెవి పక్కనే అన్నట్టు వినిపించింది.

"ఒంటి తుమ్ము. ఒక్క నిమిషం ఆగమ్మా సునీతా" అన్నారు అత్తయ్యగారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఈవిడ వర్జ్యాల వల్లే కదా ఇక్కడ చిక్కుకున్నాం! మిర్చి కల్లం పక్కన తుమ్మకపోతే ఏం చేస్తారండీ అని అడిగేశాను. గేరు కూడా వేశాను. మాధవి నా భుజం పట్టుకుంది.

"ఆగు అక్కా. మంచినీళ్లు తాగి పోదాం."

దాని చెయ్యి చల్లగా ఉంది. దానికోసం ఇంజను ఆపేశాను. సీసా మూత తీసిన చప్పుడు... మాధవి గుటక వేసిన చప్పుడు... పట్టా అంచు ఎక్కడో టపటపా కొట్టుకుంటోంది. నేను ఒక గుక్క తాగాను. రెండోది నోట్లో ఉంది.

ఢాం!

కారు ముందు ఎడమ పక్క కూలబడింది. నీళ్లన్నీ నా ఒళ్లో పడ్డాయి. నేను బిగించిన స్టెప్నీ, నిలబడ్డ చోటే పేలిపోయింది. మా ముందు రెండు ఫర్లాంగుల్లో కాలువ మీద ఇరుకు వంతెన ఉంది. నేనున్న కంగారుకి దాని మీద ఎంత స్పీడులో పోయేదాన్నో నాకు తెలుసు. 108కి ఫోన్ చేస్తుంటే నంబరు రెండుసార్లు తప్పు కొట్టాను.

బండి వచ్చింది. గుంటూరు చేరాం. తెల్లవారుజామున మాధవికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

మర్నాడు మెకానిక్కుని తీసుకుని కారు దగ్గరకు వెళ్లాను. అతను చిరిగిన టైరు అంచు మీద నాలుగు అంకెలు చూపించాడు. తయారైన వారం, సంవత్సరం. "టైరు తిరక్కపోయినా వయసొస్తుంది మేడం" అన్నాడు. ఎండిన రబ్బరు, లోపల నిండా గాలి, పైన కారు బరువు. పేలక ఏం చేస్తుంది? అది ఫిజిక్సే. ఆ రోజే కొత్త స్టెప్నీ వేయించాను.

కల్లం రైతు అక్కడే ఉన్నాడు. రాత్రి కాపలా ఎవరున్నారని అడిగాను.

"ఎవరూ లేరమ్మా. కాయంతా మొన్ననే కోల్డ్ స్టోరేజీకి తోలేశాం. మిగిలిన తాలు కాయలకి కాపలా ఎవరుంటారు?"

ఆసుపత్రికొచ్చి అడిగితే, మాధవి తుమ్మిందనుకున్నానని అత్తయ్యగారు అన్నారు. అత్తయ్యగారే అనుకున్నానని మాధవి అంది. నేను తుమ్మలేదు. నా సంగతి నాకు తెలుసు కదా.

ఐదో నెలలో పాపతో సహా మాధవిని అత్తవారింట దించడానికి మళ్లీ అదే కారు తీశాను. పాప వెనకసీట్లో వాళ్ల నానమ్మ ఒళ్లో ఉంది. తాళం తిప్పాను.

పాప తుమ్మింది.

చిన్నది. పొట్టిది. చివర్లో సన్నగా కీచుమని...

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. అద్దంలో అత్తయ్యగారి కళ్లూ నా కళ్లూ కలిశాయి. ఆవిడ మంచినీళ్ల సీసా నా చేతికిచ్చారు. తాగాను. దిగి స్టెప్నీతో సహా ఐదు టైర్లూ నొక్కి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. దారిలో ఏమీ కాలేదు కూడా.

నెలల కిందట విన్న చప్పుడు అంత కచ్చితంగా గుర్తుండదు, మనసే దేనికో దాన్ని జత చేసుకుంటుంది. క్లాసులో అయితే పిల్లలకు ఇదే చెబుతాను. మీకూ ఇదే చెబుతున్నాను. కానీ ఒక్కటుంది... ఆ రాత్రి కారులో ముగ్గురం అని ఇందాక చెప్పాను చూడండి... ఆ లెక్క దగ్గరే నేను ఆగిపోతున్నాను.