ఎడమ చక్రానికి ఎర్ర చుక్కలు

మా జీపు బాగుచేసే మేస్త్రిగారు పోయారని నాకు పది రోజులు ఆలస్యంగా తెలిసింది. ఆటోనగర్‌లో షెడ్డు మూసి ఉంటే పక్కన టీ బండి ఆయన్ని అడిగాను. "గుండెపోటండీ. మీకు తెలీదా?" అన్నాడు. ఇన్నేళ్లూ ఆయన బిగించిన చక్రాల మీద తిరిగినదాన్ని, ఆయన ఇల్లెక్కడో కూడా తెలియనిదాన్ని.

తొంభైల చివర్లో నాన్న పాత జీపు నా చేతికొచ్చింది. పటమట నుంచి మంగళగిరిలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి అందులోనే వెళ్లేదాన్ని. ఒక పరీక్ష రోజున దారిలో ఎడమ వెనక టైరు పంక్చరైంది. పానా తగిలించి, ఏ నట్టయినా విప్పినట్టే ఎడమకు తిప్పాను. కదల్లేదు. పానా మీద కాలేసి తొక్కాను. నట్టు ఎక్కే మర ఊచ, స్టడ్డు, పుటుక్కున విరిగింది. రెండోదీ అంతే. ఆటోలో వెళ్లేసరికి పరీక్ష సగమైంది. ప్రిన్సిపాల్ అందరి ముందూ నన్ను మాటన్నారు.

ఆ కోపమంతా సాయంత్రం షెడ్డుకెళ్లి మేస్త్రిగారి మీద దించాను. "ఇంత గట్టిగా బిగిస్తారా? మనుషులు విప్పుకోవద్దా?"

అక్కడున్న లారీ డ్రైవరు నవ్వాడు. "ఏం మేస్త్రీ, గారెలు తినొచ్చి బిగించావా?"

మేస్త్రిగారు నేను తెచ్చిన విరిగిన ముక్కల్ని అరచేతిలో తిప్పి చూశారు. "నాదే తప్పు మేడమ్ గారూ," అన్నారు.

నాతో దారిలో ఆగిన జీపు దగ్గరికొచ్చి కొత్త స్టడ్లు వేశాక, ఎవరూ లేనప్పుడు చెప్పారు. "ఈ పాత జీపులకి ఎడంపక్క మర ఎదురండీ. కుడికి తిప్పితేనే ఊడుద్ది. మీరు తొక్కేకొద్దీ బిగిసింది."

నా మొహం మాడిపోయింది. "మరి తప్పు మీదన్నారేంటి?"

"నాన్నగారికి తెలుసు. మీకు నేను చెప్పలేదు కదండీ."

అప్పుడే అగ్గిపుల్లతో ఎడమ స్టడ్ల కొసన ఎర్ర రంగు చుక్కలు పెట్టారు. సర్వీసుకు వెళ్లినప్పుడల్లా మళ్లీ పెట్టేవారు. నట్టును ముందు చేత్తో మూడు చుట్లు తిప్పి, ఆ తర్వాతే పానా అందుకునేవారు. "నాకు గుర్తుందిలెండి," అని నేనంటే, "మీకుంటుంది. దారిలో సాయానికొచ్చినోడికో?" అనేవారు.

ఆయన నన్ను కాపాడటానికే అలా అన్నారో, నిజంగానే తన తప్పనుకున్నారో నాకిప్పటికీ తేలలేదు. ఏదైనా, నలుగురిలో ఆయన్ని నిందించినదాన్ని, నలుగురిలోనే తప్పు నాదని చెప్పాల్సింది. వెళ్లిన ప్రతిసారీ అనుకున్నాను. క్లాసుకు టైమైందంటూ వచ్చేశాను.

టీ బండి ఆయన్ని దారి అడిగి ఇంటికెళ్లాను. పలకరించడానికి వచ్చిన చుట్టాల మధ్యే అదంతా చెప్పేశాను. ఆయన భార్య ఆశ్చర్యంగా చూశారు.

"ఆ సంగతి మాకెప్పుడూ చెప్పలేదమ్మా. మేడమ్ గారి జీపుదని ఒక డబ్బా మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు."

షెడ్డు నుంచి తెచ్చిన సామాన్లలోంచి ఆవిడ దాన్ని తీసి నా చేతికిచ్చారు. అడుగున రంగు గట్టిపడిపోయింది. అందులో ఒక అగ్గిపుల్ల, ఆయన వదిలినట్టే, నిటారుగా నిలబడి ఉంది.