కిచెన్ కౌంటర్ ముందు రాజ్యాంగం

అమెరికాలో మేముండే చాండ్లర్ ఊరి ఎండల్లో ఫుట్‌పాత్ మీద నడిచే మనిషి ఒక్కడే ఉండేవాడు. స్పెయిన్ నుంచి వచ్చిన రాజ్యాంగ న్యాయశాస్త్రం ప్రొఫెసరు. ఆయనకు డ్రైవింగ్ రాదు. ఆయన పనిచేసే లా స్కూల్ లైబ్రరీలోనే నాకు పార్ట్‌టైమ్ ఉద్యోగం. టై కట్టుకుని చెమటలు కక్కుతూ నడుస్తుంటే చూడలేక ఓరోజు కారెక్కించుకున్నాను. అంతే, ఆ రోజు నుంచి నేనే డ్రైవర్‌ని. దారి పొడుగునా రాజ్యాంగం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

ఆయన కష్టం వేరే ఉంది. వాళ్ళ దేశంలో పూర్తిస్థాయి ప్రొఫెసరు కుర్చీ కావాలంటే ఐదుగురు పెద్ద ప్రొఫెసర్ల ముందు నిలబడి, తన చదువూ, పుస్తకాలూ, చేయబోయే పనీ గంటలో చెప్పుకోవాలి. తర్వాత ప్రశ్నలు. మొదటిసారి వెళ్ళినప్పుడు గంటయ్యేసరికి ఇంకా తన పీహెచ్‌డీ దగ్గరే ఉన్నాడట. కుర్చీ ఇంకొకరికి పోయింది. అలిగి అమెరికాలో తాత్కాలిక ఉద్యోగానికి వచ్చేశాడు. ఇప్పుడు అదే యూనివర్సిటీలో మళ్ళీ ఖాళీ పడింది. రిటైరయ్యేలోగా ఇంకోటి రాదు.

నోరు ఊరుకోక, మా రూమ్మేట్ వీసాలకు వెళ్ళేవాళ్ళకి ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేస్తాడని చెప్పాను. కరీంనగర్ మనిషి. రెండుసార్లు వీసా రిజెక్టయి మూడోసారి వచ్చింది కాబట్టి మా అపార్ట్‌మెంట్లలో ఆ శాస్త్రానికి అతనే జగద్గురువు. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళంతా ముందు మా కిచెన్ కౌంటర్ ఇవతల నిలబడాల్సిందే. అవతల అతను, వీసా ఆఫీసరు. ఏ జవాబైనా కుక్కర్ మూడు విజిళ్ళలోపు ముగించాలి.

ప్రొఫెసరు టై సర్దుకుని నిలబడ్డాడు. రాజ్యాంగమే ఎందుకు చదివారంటే రెండు వందల ఏళ్ళ కిందటి రాజుతో మొదలుపెట్టాడు. మొదటి విజిల్‌కి రాజు దేశం వదిలిపోయాడు. మూడో విజిల్‌కి తిరిగొచ్చాడు. రూమ్మేట్ "రిజెక్టెడ్, నెక్స్ట్" అన్నాడు. నెక్స్ట్ ఎవరూ లేరు కాబట్టి మళ్ళీ ఆయనే వచ్చాడు.

"మామా, గీయనకు ఎవడూ ఏం ఇయ్యడు," అన్నాడు రూమ్మేట్ నాతో తెలుగులో.

అయినా వదల్లేదు. నవ్వాలి, కళ్ళలోకి చూడాలి, అడిగిందానికే చెప్పాలి. ఆయన మా పప్పన్నం తింటుంటే జవాబులు రోజురోజుకీ చిక్కిపోయాయి. ఓరోజు రూమ్మేట్ వీసా అలవాటుకొద్దీ, మీ దేశానికి తిరిగి వెళ్తారని గ్యారంటీ ఏమిటని అడిగేశాడు. రామాయణంలో పిడకల వేట, కుర్చీకీ దానికీ సంబంధమేమిటని నేను నవ్వబోయాను. రాజులతో మొదలుపెట్టే మనిషి ఈసారి రెండే ముక్కల్లో తేల్చేశాడు.

"అక్కడ నాకేమీ లేదు. ఈ కుర్చీ ఇస్తే ఉంటుంది," అన్నాడు.

రూమ్మేట్ హడలిపోయాడు. ఆ ముక్క అంటే వీసా అక్కడే పోతుంది, చచ్చినా చెప్పకూడదన్నాడు. ఇల్లుంది, బంధువులున్నారు, మా ఊరంటే ప్రాణం అని ఓ జవాబు తయారుచేసి బట్టీ పట్టించాడు.

స్పెయిన్‌లో ఆ పరీక్ష అయ్యాక సామాను సర్దుకోవడానికి తిరిగొచ్చిన ప్రొఫెసర్ని ఎయిర్‌పోర్ట్ నుంచి సరాసరి మా ఇంటికే తీసుకొచ్చాను. స్టవ్ మీద కుక్కర్‌లో పప్పు ఉడుకుతోంది. మళ్ళీ అమెరికా వెళ్ళిపోరని నమ్మకమేమిటని ఆ ఐదుగురూ నిజంగానే అడిగారట. మేం నేర్పింది నోటిదాకా వచ్చి ఆగిపోయిందట. చచ్చినా చెప్పకూడనిదే చెప్పాడట. ముగ్గురు సరేనన్నారు, ఇద్దరు వద్దన్నారు. కుర్చీ ఆయనకే వచ్చింది. మా కోచింగ్ గంగలో కలిసినా నాకు పట్టరాని సంతోషం కలిగింది.

మా జగద్గురువుకి మాత్రం చిన్నతనంగా ఉంది. ప్రొఫెసరు అది గమనించాడో ఏమో, మెల్లగా కౌంటర్ అవతలికి వెళ్ళి టై సర్దుకున్నాడు. రూమ్మేట్‌ని ఎదుట నిలబడమని సైగచేసి, మీ దేశానికి తిరిగి వెళ్తారా అని అడిగాడు. మావాడు ఇల్లూ, పొలమూ, బంధువులూ అంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. అప్పటికింకా ఒక్క విజిల్ కూడా రాలేదు.

"రిజెక్టెడ్," అన్నాడు ప్రొఫెసరు. "నెక్స్ట్."

నెక్స్ట్ నేనే. నాకూ ఆ జవాబు కంఠతా వచ్చు. మొదటి విజిల్ వచ్చింది. రెండోదీ వచ్చింది. నేనింకా నోరు తెరవలేదు.